యూరియా కట్ట 266, డీఏపీ కట్ట 1,350: ఈ తేడా ఎప్పుడు పుట్టింది

ఈ పోస్టు పెద్దది. పొలం పనిలో ఉన్నవాళ్లు రాత్రి అన్నాలయ్యాక తీరిగ్గా చదవండి.

పోయిన వారం మన గ్రూపులో ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, యూరియా కట్ట 266 రూపాయల 50 పైసలు, డీఏపీ కట్ట 1,350. రెండూ ఎరువులే, రెండిటికీ గవర్నమెంటు సబ్సిడీ ఇస్తుందంటారు. మరి ఇంత తేడా ఏంటి?" కింద చాలామంది జవాబులు రాశారు. కంపెనీల దోపిడీ అని ఒకరు, విదేశాల్లో ధర పెరిగిందని ఇంకొకరు. నాలుగో జవాబుకల్లా ఎవరి పార్టీ తరఫున వాళ్లు తిట్టుకోవడం మొదలైంది. అసలు జవాబు 1991, 1992 సంవత్సరాల్లో ఉంది. మన గ్రూపులో సగం మంది అప్పటికి పుట్టి ఉండరు. నేను ఇంటర్ అయిపోయి మా నాయన వెంట పొలం పోతున్న రోజులవి. పేపర్లో చదివినవి, తర్వాత పుస్తకాల్లో చూసినవి, మా ఊళ్లో జరిగినవి కలిపి రాస్తున్నాను.

ముందు అప్పటి రేట్లు చెప్తాను. 1991 జులై బడ్జెట్‌కి ముందు యూరియా టన్ను 2,350 రూపాయలు. అప్పుడు 50 కిలోల కట్టే, కట్ట 117 రూపాయల 50 పైసలు. డీఏపీ టన్ను 3,600, కట్ట 180. పొటాష్ టన్ను 1,300, కట్ట 65. మూడిటి రేటూ ఢిల్లీలో గవర్నమెంటే నిర్ణయించేది.

మనకు కట్ట లెక్క అలవాటు. కానీ మొక్క కట్టను తినదు, అందులో ఉన్న పోషకాన్ని తింటుంది. కాబట్టి కిలో పోషకం ఎంత పడిందో చూద్దాం. యూరియాలో 46 శాతం నత్రజని, 50 కిలోల కట్టకు 23 కిలోలు. కిలో నత్రజని 5 రూపాయల 10 పైసలు పడింది. డీఏపీలో 18 శాతం నత్రజని, 46 శాతం భాస్వరం. ఆ నత్రజనికి అదే 5 రూపాయల 10 పైసలు వేసి తీసేస్తే కిలో భాస్వరం సుమారు 5 రూపాయల 80 పైసలు. పొటాష్‌లో 60 శాతం, అంటే కట్టకు 30 కిలోలు. కిలో 2 రూపాయల 17 పైసలు.

ఇప్పుడు ఈనాటి లెక్క. యూరియా కట్టను 2018లో 45 కిలోలు చేశారు, అందులో నత్రజని 20.7 కిలోలు. కిలో 12 రూపాయల 90 పైసలు. డీఏపీ 1,350లో నత్రజని విలువ తీసేస్తే కిలో భాస్వరం 53 రూపాయల పైమాటే. పొటాష్ కట్ట ఈ నాలుగేళ్లలో 1,500 నుంచి 1,700 మధ్య నడిచింది. 1,600 అనుకుంటే కిలో 53 రూపాయలు.

అంటే అప్పుడు మూడిటిలో పొటాష్ అన్నిటికన్నా చవక. నత్రజని, భాస్వరం దాదాపు ఒక ధర. ఇప్పుడు నత్రజని కన్నా భాస్వరం నాలుగు రెట్లు ఖరీదు, పొటాషూ నాలుగు రెట్లు ఖరీదు. ఇది భూమి కోసమో పంట కోసమో ఆలోచించి ఎవరో పెట్టిన రేటు కాదు. దేశం ఖజానా ఖాళీ అయిన ఒక ఏడాదిలో, ఎక్కడ కోస్తే గొడవ తక్కువ వస్తుందో చూసి కోసిన కోత ఇది.

అసలు సబ్సిడీ ఎట్లా మొదలైందో కొంచెం వెనక్కి పోవాలి. 1973లో అరబ్బు దేశాలు చమురు రేటు పెంచినప్పుడు ప్రపంచమంతా ఎరువుల ధర పెరిగింది. 1974 జూన్‌లో మన దగ్గర యూరియా టన్ను 1,050 నుంచి ఒకేసారి 2,000 అయింది. వాడకం పడిపోయింది. పచ్చ విప్లవం విత్తనాలేమో ఎరువు లేకపోతే పండవు. దేశం గింజల కోసం ఓడల వైపు చూసిన రోజులు ఇంకా ఎవరూ మర్చిపోలేదు. అప్పుడు మరాఠే కమిటీ వేశారు. ఆ కమిటీ చెప్పిన ప్రకారం 1977 నవంబర్ నుంచి రిటెన్షన్ ప్రైస్ అనే పద్ధతి పెట్టారు.

ఆ పద్ధతి ఏంటంటే, ఒక్కో ఫ్యాక్టరీకి టన్ను తయారు చేయడానికి ఎంత ఖర్చయిందో లెక్కగడతారు. యజమాని పెట్టుబడి మీద పన్నులు పోను 12 శాతం రాబడి కలుపుతారు. అది ఆ ఫ్యాక్టరీ రేటు. రైతుకు మాత్రం దేశమంతా ఒకే తక్కువ రేటు. మధ్యలో తేడా ఖజానా కడుతుంది. ఖర్చు ఎక్కువ పెట్టే ఫ్యాక్టరీకి ఎక్కువ, తక్కువ పెట్టేవాడికి తక్కువ. గ్యాసుతో చేసినా, నాఫ్తాతో చేసినా, మన రామగుండంలో లాగా బొగ్గుతో చేసినా ఎవరి ఖర్చు వాళ్లకు వచ్చేది. చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. అయిన ఖర్చంతా ఇచ్చి, పైన 12 శాతం కలిపి మన వడ్లు ఎవడైనా కొన్నాడా? ఆ భాగ్యం ఎరువుల ఫ్యాక్టరీకి పట్టింది. దాని పేరు మాత్రం రైతు సబ్సిడీ.

ఆ పద్ధతి వల్ల మంచీ జరిగింది, అది కూడా చెప్పాలి. ఫ్యాక్టరీలు వచ్చాయి, ఎరువు ఊరిదాకా చేరింది, పంట పెరిగింది. 1981లో యూరియా 2,350 చేశారు. 1983లో 2,150కి తగ్గించారు, 1986లో మళ్లీ 2,350. అంటే పదేళ్లపాటు రైతు రేటు దాదాపు కదల్లేదు. ఆ పదేళ్లలో గ్యాసు పెరిగింది, రవాణా పెరిగింది, జీతాలు పెరిగాయి, వాడకం రెట్టింపు దాటింది. తేడా అంతా ఖజానా మీద పడింది. 1980-81లో కేంద్రం ఎరువుల సబ్సిడీ సుమారు 500 కోట్లు. 1990-91కి అది 4,389 కోట్లు.

ఇక్కడ ఒక మాట. ఏటా కొంచెం కొంచెం పెంచి ఉంటే ఎవరికీ తెలిసేది కాదు. ఎన్నికల భయంతో పదేళ్లు ఆపి, గడ్డు ఏడాది రాగానే అంతా ఒక్కసారి వేశారు. కాలవ గండి చిన్నగా ఉన్నప్పుడు రెండు తట్టల మట్టి వెయ్యకుండా, చేను మునిగాక ప్రొక్లెయినర్ తెచ్చినట్టు.

గడ్డు ఏడాది ఎట్లా వచ్చిందో చూద్దాం. ఎనభయ్యో దశకమంతా కేంద్రం రాబడికి మించి ఖర్చు పెట్టింది. 1990-91కి ద్రవ్యలోటు, అంటే అప్పులు మినహా వచ్చే రాబడికీ మొత్తం ఖర్చుకీ మధ్య తేడా, దేశ ఆదాయంలో 8 శాతం దాటింది. ఖర్చులో దాదాపు ఐదో వంతు పాత అప్పుల వడ్డీకే పోతోంది. మన ఇంటి జమాఖర్చుతో పోల్చి చెప్పడం తేలికే గానీ, దేశం సరిగ్గా ఇల్లు లాంటిది కాదు. రూపాయల్లో లోటు వస్తే గవర్నమెంటు బాండ్లు అమ్ముతుంది, రిజర్వు బ్యాంకు నోట్లిస్తుంది, ధరలు పెరుగుతాయి, ఎట్లాగో నడుస్తుంది. డాలర్లలో లోటు వస్తే ఆ వేషం కుదరదు. డాలర్లు మనం అచ్చువేయలేం.

1990 ఆగస్టులో సద్దాం హుస్సేన్ కువైట్ మీద పడ్డాడు. చమురు రేటు లేచింది. కువైట్‌లో పని చేసుకుంటున్న మనవాళ్లు, మన కడప వైపు వాళ్లు ఎంతోమంది, కట్టుబట్టలతో తిరిగొచ్చారు. వాళ్లు పంపే డబ్బు ఆగింది. 1991 జనవరికి దేశం దగ్గర ఉన్న విదేశీ డబ్బు సుమారు 120 కోట్ల డాలర్లు. జూన్‌కి అది సగానికి వచ్చింది, రెండు వారాల దిగుమతులకు కూడా బొటాబొటి. చంద్రశేఖర్ గవర్నమెంటు పూర్తి బడ్జెట్ కూడా పెట్టలేక పడిపోయింది. మే నెలలో 20 టన్నుల బంగారం స్విట్జర్లాండు బ్యాంకుకి పంపారు. జులైలో ఇంకో 47 టన్నులు ఇంగ్లండు బ్యాంకులో కుదువ పెట్టి అప్పు తెచ్చారు. ఇంట్లో బంగారం బ్యాంకులో పెట్టి పంట పెట్టుబడి తెచ్చే మనకు ఆ బాధ ఎవరూ చెప్పక్కర్లేదు.

మే 21న రాజీవ్ గాంధీ హత్య. జూన్ 21న పి.వి. నరసింహారావు గారు ప్రధానమంత్రి అయ్యారు. వంగర మనిషి, మన రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు భూసంస్కరణలకు పట్టుబట్టిన మనిషి. మన్మోహన్ సింగ్ గారిని ఆర్థిక మంత్రిగా తెచ్చారు. జులై 1న, 3న రెండు విడతల్లో రూపాయి విలువ తగ్గించారు. డాలరు 21 రూపాయల చిల్లర నుంచి దాదాపు 26 అయింది.

రూపాయి తగ్గించడానికీ మన ఎరువుకీ సంబంధం ఉంది, ఇది గుర్తుపెట్టుకోండి. పొటాష్ మన దేశంలో తియ్యం, గింజ కూడా బయటనుంచే రావాలి. భాస్వరం ఎరువులకు రాతి ఫాస్ఫేటు, గంధకం, ఫాస్ఫారిక్ యాసిడ్ ఎక్కువ భాగం బయటివే. రూపాయి తగ్గిన రోజే ఇవన్నీ ఖజానాకి ఐదో వంతు పైన ఖరీదయ్యాయి. రైతు రేటు అట్లాగే ఉంచితే సబ్సిడీ దానంతట అదే పెరుగుతుంది. ఒక పక్క ఐఎంఎఫ్ దగ్గర అప్పు తెస్తూ లోటు తగ్గిస్తామని మాటిచ్చారు, ఇంకో పక్క వాళ్ల సొంత నిర్ణయమే సబ్సిడీని పెంచింది.

జులై 24న బడ్జెట్. ద్రవ్యలోటు ఒక్క ఏడాదిలో 6.5 శాతానికి తెస్తామన్నారు. అందులో భాగంగా ఎరువుల ధర సగటున 40 శాతం పెంచారు. మర్నాటి నుంచి యూరియా కట్ట 165, డీఏపీ 252, పొటాష్ 91. సరిగ్గా సాగర్ నీళ్ల కోసం ఎదురుచూస్తూ నార్లు పోసుకునే టైము. లైసెన్సులు ఎత్తేశారు, కంపెనీలకు తలుపులు తీశారు అని ఆ బడ్జెట్ గురించి ఇవాళ్టికీ టీవీల్లో పొగుడుతారు. మా ఊళ్లో ఆ బడ్జెట్ అంటే కట్టకు 47 రూపాయల 50 పైసలు. అంతే.

గొడవ అయింది. ప్రతిపక్షాలే కాదు, కాంగ్రెస్ ఎంపీలే ఊళ్లలో మొహం చూపించలేమని పార్టీలో గొడవ చేశారు. పీవీ గారిది మైనారిటీ ప్రభుత్వం, ఒక్క బిల్లు ఓడినా పడిపోతుంది. ఆగస్టు మొదటి వారంలోనే దిగొచ్చారు. పెంపు 40 నుంచి 30 శాతం చేశారు. యూరియా కట్ట 153, డీఏపీ 234, పొటాష్ సుమారు 85. ఇంకో మాట కూడా అన్నారు. చిన్న, సన్నకారు రైతులకు, అంటే ఐదెకరాల లోపు వాళ్లకు, అసలు పెంపే లేదు, పాత రేటుకే ఇస్తామన్నారు.

ఆ మాట వినడానికి ఎంత బాగుందో చూడండి. పేపర్లో చదివి మా నాయన సంతోషించాడు. మాకు సొంతం రెండెకరాలు, కౌలుకు ఇంకో మూడు. ఎట్లా చూసినా చిన్న రైతులమే.

కానీ చిన్న రైతు అని ఎవరు చెప్పాలి? ఎరువు ఇచ్చేది డీలరు. అతని దగ్గర ఉన్నది తక్కెడే గానీ అడంగల్ కాదు. కాగితం కావాలి. పాస్ పుస్తకం ఎవరికుంది, ఎవరి భూమి ఎవరి పేరున ఉంది? సొంత రెండెకరాలు తాత పేరునే ఉంది, భాగాలు నోటిమాట మీద జరిగాయి. కౌలు భూమికైతే అసలు కాగితమే లేదు, మోతుబరి పేరున ఉన్న భూమికి మేం చిన్న రైతులం ఎట్లా అవుతాం? ఇక ఆ మోతుబరి సంగతి చూడండి. భూపరిమితి చట్టం వచ్చినప్పుడు ఆయన ముప్పై ఎకరాలూ అల్లుళ్ల పేరున, చెల్లెళ్ల పేరున, జీతగాడి పేరున కూడా ముక్కలు చేసి రాసి పెట్టాడు. కాగితం మీద ఆయన ఇంట్లో ఆరుగురు చిన్న రైతులు తయారుగా ఉన్నారు. మా నాయన ఒక ఆఫీసు చుట్టూ నాలుగుసార్లు తిరిగి ఆ కాగితం తెచ్చేసరికి వరికి రెండో కోటా యూరియా చల్లడం కూడా అయిపోయింది, 153 పెట్టి కొన్నదే. ఆ కాగితం చాన్నాళ్లు మా ఇంట్లో దేవుడి పటం వెనక ఉండేది.

ఇది మా ఊరి ఒక్కదాని కథ కాదు. ఒకే కట్టకు రెండు రేట్లు పెడితే తక్కువ రేటు కట్ట ఎక్కడికి పోతుందో మనకు చెప్పాలా? దేశమంతటా ఆ పద్ధతి నడపలేకపోయారు, ఏడాది తిరక్కుండానే ఎత్తేశారు. ఇంత చేసీ ఆ ఏడాది సబ్సిడీ తగ్గిందా అంటే లేదు, 5,000 కోట్లు దాటింది.

అప్పుడు పార్లమెంటు ఉమ్మడి కమిటీ వేశారు. ఎరువుల ధరల మీద చూడమన్నారు. 1992 ఆగస్టులో ఆ కమిటీ రిపోర్టు ఇచ్చింది. సబ్సిడీ ఎందుకు పెరిగిందంటే దిగుమతి ఖర్చు పెరగడం, రూపాయి విలువ తగ్గించడం, పదేళ్లు రైతు రేటు కదలకపోవడం అని కమిటీ తేల్చింది. ఇంతవరకు న్యాయంగానే చెప్పింది. తర్వాత ఇచ్చిన సలహా చూడండి. భాస్వరం, పొటాష్ ఎరువుల మీద ధర నియంత్రణ ఎత్తెయ్యండి, యూరియా ఉంచండి, పైగా యూరియా రేటు 10 శాతం తగ్గించండి. గవర్నమెంటు వెంటనే ఒప్పుకుంది. 1992 ఆగస్టు 25 నుంచి అమలు.

యూరియా కట్ట 153 నుంచి 138కి దిగింది. పొటాష్ ధర రెండింతలు దాటి పోయింది, డీఏపీ కూడా బాగా లేచింది. అక్టోబర్‌కల్లా గవర్నమెంటుకే భయమేసి డీఏపీ మీద, పొటాష్ మీద టన్నుకు వెయ్యి రూపాయల రాయితీ ప్రకటించింది. కట్టకు 50 రూపాయలు. కంటితుడుపే.

ఎందుకు ఇట్లా చేశారంటే, వాళ్ల లెక్క వాళ్లకుంది. యూరియా చాలావరకు దేశంలోనే తయారవుతుంది, భాస్వరం పొటాష్ డాలర్లు తింటాయి. అక్కడ కోస్తే డాలర్లూ మిగులుతాయి. ఇంకోటి, యూరియా ప్రతి రైతూ వేస్తాడు, చల్లిన వారానికి చేను నల్లగా కమ్ముకొస్తుంది, కళ్లకు కనపడుతుంది. దాని రేటు పెంచితే రోడ్డెక్కుతాడు. పొటాష్ వెయ్యకపోతే ఆ ఏడాది ఏమీ కనపడదు. ఏడాది మొత్తం ఊరు ఊరంతా 153 గురించి తిట్టింది, 138 కాగానే చల్లబడింది. పొటాష్ గురించి ఒక్క ధర్నా జరిగినట్టు నాకు గుర్తులేదు.

తర్వాత ఏం జరిగిందో అంకెలే చెప్తాయి. 1991-92లో దేశం మొత్తం వాడిన నత్రజని 80 లక్షల టన్నులు, భాస్వరం 33 లక్షల టన్నులు, పొటాష్ 13.6 లక్షల టన్నులు. ఒక్క ఏడాది తర్వాత నత్రజని 84 లక్షలకు పెరిగింది. భాస్వరం 28 లక్షలకు పడింది. పొటాష్ 8.8 లక్షలకు పడింది, అంటే మూడో వంతు పైన మాయం. ఒక పాలు పొటాష్‌కి నత్రజని 6 పాళ్లు ఉండేది, 9 పాళ్లు దాటింది. శాస్త్రవేత్తలు మోటుగా చెప్పే లెక్క 4 పాళ్లు నత్రజని, 2 పాళ్లు భాస్వరం, 1 పాలు పొటాష్.

ఇది దేశం మొత్తం లెక్క. మన గుంటూరు, ప్రకాశం వైపు మిర్చి, పత్తి రైతులు డీఏపీ కూడా దండిగానే వేస్తారు, కొన్ని భూముల్లో భాస్వరం నిల్వ పడి ఉందని మట్టి పరీక్షల్లో వస్తోంది, ఆ సంగతీ తెలుసు. కానీ ఒట్టి యూరియాతో నెట్టుకొచ్చిన వరి చేలు మనందరం చూశాం. ఆకు నల్లగా, ఏపుగా, చూడ్డానికి కన్నుల పండుగ. తర్వాత దోమపోటు, అగ్గితెగులు. ఒక గాలివాన వస్తే కాడకు బలం లేక చాప చుట్టినట్టు పడిపోతుంది. నూర్చితే తాలు. ఆ దోమ మందుకు పెట్టే ఖర్చు యూరియాలో మిగిలిన దానికి ఎన్ని రెట్లో ఎవరి లెక్క వాళ్లకు తెలుసు. దాని మీద సబ్సిడీ లేదు, బడ్జెట్‌లో పద్దు లేదు.

ఈ మాట అంటే, రైతుకు తెలివి లేదు, శాస్త్రీయంగా వెయ్యడు అని మీటింగుల్లో అంటుంటారు. నాకు అక్కడ ఒళ్లు మండుతుంది. రైతుకు తెలివి ఉండబట్టే చవకైనది వేశాడు. ఒకటి 6 రూపాయలకు, ఇంకోటి దాని రెట్టింపు పైన పెట్టి, రెండూ సమానంగా వెయ్యమని గోడల మీద రాస్తే ఎవడు వేస్తాడు?

సరే, 1992లో అనుభవం అయింది కదా, నేర్చుకున్నారా? 2010లో మళ్లీ అదే. ఈసారి పేరు పోషకాల ఆధారిత సబ్సిడీ. 2010 ఏప్రిల్ 1 నుంచి భాస్వరం, పొటాష్ ఎరువులకు కిలో పోషకానికి ఇంత అని సబ్సిడీ ఖాయం చేసి, అమ్మే ధర కంపెనీలకు వదిలేశారు. ఆలోచనలో తప్పు లేదు. యూరియాను కూడా అందులోకి తెస్తే బాగుండేది. తేలేదు. 2010కి ముందు డీఏపీ కట్ట 467 రూపాయల 50 పైసలు, పొటాష్ కట్ట 223. 2012కల్లా డీఏపీ 1,200 దగ్గరికి, పొటాష్ 850 దగ్గరికి పోయాయి. మళ్లీ పాళ్లు తప్పాయి. 2009-10లో 4.3, 2, 1గా సరిగ్గా దారికొచ్చింది అనుకున్న లెక్క, 2012-13కి 8.2, 3.2, 1 అయింది. అప్పుడు పీవీ గారి స్థానంలో ప్రధాని మన్మోహన్ సింగ్ గారే. 1992లో చూసినాయనే 2010లో మళ్లీ చేశారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, దేశాన్ని గట్టెక్కించారు. ఈ ఒక్క విషయంలో మాత్రం నాకు సమాధానం దొరకదు. తర్వాత వచ్చిన మోడీ గారి ప్రభుత్వం వేపనూనె పూత తప్పనిసరి చేసింది, కట్ట 45 కిలోలు చేసింది, వేలిముద్ర మిషన్ పెట్టింది, యూరియా ధర జోలికి మాత్రం పోలేదు. ఏ పార్టీ కూడా పోదు.

ఇందాక వడ్ల మాట అన్నాను కాబట్టి నిజం ఇంకొకటి చెప్పాలి, కొందరికి నచ్చకపోవచ్చు. 1990-91లో మామూలు రకం వడ్ల మద్దతు ధర క్వింటా 205. దానితో యూరియా రెండు కట్టలు కూడా వచ్చేవి కాదు. 2025-26లో మద్దతు ధర 2,369. దానితో దాదాపు తొమ్మిది కట్టలు వస్తాయి. డీఏపీ అప్పుడు ఒక కట్ట దాటి కొంచెం వచ్చేది, ఇప్పుడు ఒకటీ ముప్పావు. వడ్లతో కొలిస్తే యూరియా, డీఏపీ చవకైనట్టే. మన నడుం విరిచింది కూలి, డీజిల్, మందులు, కౌలు. పొటాష్ మాత్రం అప్పుడు క్వింటా వడ్లకు మూడు కట్టలు వచ్చేది, ఇప్పుడు కట్టన్నర. కాబట్టి ఎరువులన్నీ పెరిగిపోయాయి అని గుడ్డిగా అరిస్తే మన వాదన నిలబడదు. ఒకటి మరీ చవక, ఇంకోటి మరీ ఖరీదు. గొడవంతా అక్కడుంది. మరీ చవకైనది పక్క దారులు కూడా పడుతుంది. ప్లైవుడ్ జిగురుకి పోతుంది, సరిహద్దు దాటి పోతుంది. పోయిన వానాకాలం మన పొలాలకు దొరక్క చెప్పులు లైన్లో పెట్టి కూర్చున్నాం.

ఖజానా మాత్రం ఈ కోతల వల్ల బాగుపడిందా? ఎరువుల సబ్సిడీ 2000-01కి 13 వేల కోట్లు దాటింది, 2008-09లో 76 వేల కోట్లు దాటింది. ఉక్రెయిన్ యుద్ధం వచ్చిన 2022-23లో రెండున్నర లక్షల కోట్లు. ఈ అంకె చూసి ఢిల్లీలో ఎవరికైనా నిద్ర పట్టదు. మళ్లీ ఏదో ఒక రోజు సంస్కరణ మాట లేస్తుంది. లేచింది కూడా. 2020లో వ్యవసాయ ఖర్చులు, ధరల కమిషన్ ఒక సలహా ఇచ్చింది. ఎరువు సబ్సిడీ కింద రైతుకు ఏడాదికి 5,000 రూపాయలు రెండు విడతల్లో బ్యాంకు ఖాతాలో వెయ్యండి అని. ఇంకా అమలు చెయ్యలేదు.

రైతు చేతికి డబ్బిస్తే ఏ ఎరువు కావాలో రైతే చూసుకుంటాడు, మూడిటి రేటూ నిజం రేటు అవుతుంది, పాళ్లు సరవుతాయి. ఈ వాదన నాకూ నచ్చుతుంది. సొంత భూమి మాత్రమే చేసుకునేవాళ్లు ఒప్పుకోవచ్చు కూడా. కానీ ఏ రైతు ఖాతాలో?

ఇవాళ కట్ట మీద సబ్సిడీ ఉంది. ఆధార్ పట్టుకెళ్లి మిషన్ మీద వేలు పెడితే ఎవరికైనా అదే 266 రూపాయల 50 పైసలు. భూమి ఎవరిదని అడగరు. ఈ గజిబిజి పద్ధతిలో కౌలు రైతుకు ఉన్న ఒకే ఒక్క మేలు అది. ఖాతాలో వేసే రోజు పాస్ పుస్తకం అడుగుతారు. పీఎం కిసాన్ ఆరు వేలు భూమి పేరున ఉన్నవాడికే. తెలంగాణలో 2018లో మొదలైన రైతుబంధు కూడా పట్టాదారుకే పోయింది, దున్నేవాడికి పోలేదు. ఆంధ్రాలో 2011లో కౌలు రైతుల చట్టం వచ్చింది, 2019లో సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. 2019 చట్టంలో కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనని యజమాని భయం. అడిగితే వచ్చే ఏడు కౌలు ఇవ్వడేమోనని కౌలుదారు భయం.

మా ఊళ్లో ఈ ఏడు పంట వేసిన వాళ్లలో సగం మందికి పైగా కౌలుకే చేస్తున్నారు. కార్డు ఉన్నవాళ్లను చేతివేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 1991 ఆగస్టులో చిన్న రైతుకు పాత రేటు అని పార్లమెంటులో చెప్పిన రోజు, ఆ చిన్న రైతు ఎవరో చెప్పే పుస్తకం గవర్నమెంటు దగ్గర లేదు. ముప్పై ఏళ్లు దాటాయి, కంప్యూటర్లు వచ్చాయి, భూముల సర్వేలు అయ్యాయి, దున్నేది ఎవరో రాసే పుస్తకం ఇప్పటికీ లేదు. ముందు ఆ పుస్తకం రాయించండి, తర్వాత నగదు బదిలీ గురించి మాట్లాడండి అని మనం అడగాలి. గ్రామసభల్లో యూరియా కోటా గురించి అరిచినంత గట్టిగా అడగాలి. యజమాని హక్కుకు భంగం రాకుండా, సంతకంతో పని లేకుండా, ఈ పంట ఎవరు వేశారు అన్నది మాత్రమే రాసే పద్ధతి పెట్టడం అంత కష్టమేమీ కాదు. పొలం గట్టున నిలబడి చూస్తే తెలిసిపోతుంది.

మీ ఊళ్లో 1991లో చిన్న రైతు రేటుకు ఎరువు అందినవాళ్లు ఎవరైనా ఉంటే, ఏ కాగితం చూపించారో, ఎన్ని కట్టలు ఇచ్చారో కింద రాయండి. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. అప్పటి రసీదు ఎవరి దగ్గరైనా ఉంటే ఫోటో పెట్టండి, పేర్లు కనపడకుండా.